మాత్ర సంగతి దేవుడికి చెప్పారా?

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఊరి పేరూ, సంఘం పేరూ నేనే తీసేశాను. సంగతి ఇది.

ఆమె వయసు 41. ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడతారు. భర్త తాపీమేస్త్రి, పనిమంతుడని పేరు. శనివారం సాయంత్రం వారం కూలీ చేతికి రాగానే మొదలైన తాగుడు ఆదివారం రాత్రి దాకా సాగేది. ఈ మధ్య మామూలు రోజుల్లో కూడా తాగుతున్నారు. కొట్టరు గానీ అరుస్తారు, అన్నం కంచం విసిరేస్తారు. తొమ్మిదేళ్లుగా ఆమె ప్రతి శుక్రవారం ఉపవాసముండి ప్రార్థిస్తున్నారు. నిరుడు నవంబరులో ఊళ్లో ఆర్‌ఎంపీ ఒకాయన తెల్లమాత్రలు ఇచ్చి, "పొడి చేసి కూరలో కలపమ్మా, ఆయనకు తెలియక్కర్లేదు" అన్నాడు. కలిపారు. ఆ శనివారం తాగి వచ్చిన మనిషికి మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, అరగంట సేపు వాంతులయ్యాయి. రెండోసారి తాగినప్పుడూ అంతే. లివర్ పోయిందని భయపడి ఆయన మానేశారు. ఏడు వారాలు ముట్టలేదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పాస్టరుగారు ఈమెను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. "దేవుడు మా ఆయనకు మందంటేనే అసహ్యం పుట్టించాడు" అని చెప్పారు. ఆయన్ని కూడా లేచి నిలబడమంటే నిలబడ్డారు. మందిరమంతా చప్పట్లు. వారం తిరక్కుండానే, పదో తరగతి చదివే కూతురు వంటింట్లో అప్పడాల కర్రతో మాత్ర నలుపుతున్న తల్లిని చూసింది. "అమ్మా, నాన్న మానింది ప్రార్థన వల్లా, దీనివల్లా?" అని అడిగింది. ఆ రోజు నుంచి కలపడం ఆపేశారు. సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకే ఆయన మళ్లీ మొదలుపెట్టారు.

ఇప్పుడాయన మందిరానికి రారు. అడిగినవాళ్లకు ఈమె "పని మీద ఊరెళ్లారు" అని చెబుతున్నారు. స్త్రీల కూడికలో ప్రార్థన ఫలించిన మనిషని ఈమె చేతే ప్రార్థన చేయిస్తున్నారు. తాగే భర్తతో వేగలేక పక్క వీధి అమ్మాయి ఒకరు వచ్చి, "అక్కా, నువ్వు ఎన్ని శుక్రవారాలు ఉన్నావు?" అని అడిగి తనూ ఉపవాసాలు మొదలుపెట్టింది. ఈలోగా బయటినుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు "ఇంట్లో దాచిన పాపం ఉంటే ప్రార్థన పైకప్పు దాటదు" అన్నాడట. అప్పటినుంచి మోకాళ్లూనితే నోట మాట రావడం లేదు. ఉత్తరం చివర ఇలా ఉంది: "నేనేం తప్పుగా ప్రార్థిస్తున్నాను? ఇంకా ఎంత పట్టుదలగా చేయాలి? మాత్రలు ఇంకో పది మిగిలాయి. మళ్లీ కలపమంటారా?"

అమ్మా, వందనాలు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు. ఆ మాత్రలు ఇక కలపకండి. పేరు మీరు రాయలేదు గానీ, మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది డైసల్ఫిరామ్ అయ్యుండాలి. మద్యం ఒంట్లో అరిగేటప్పుడు మధ్యలో ఒక విషపదార్థం పుడుతుంది. మామూలుగా అది వెంటనే విరిగిపోతుంది. ఈ మాత్ర దాన్ని విరగనివ్వదు, ఒంట్లోనే పేరుకునేలా చేస్తుంది. ఆ ఎర్రదనం, ఆ దడ, ఆ వాంతులు అందుకే. గుండె బాగాలేని మనిషికైతే, ఆ రోజు ఎక్కువ తాగిన మనిషికైతే, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. డాక్టర్లు వాడే మందే ఇది. అయితే మనిషికి చెప్పి, పరీక్షలు చేయించి, "ఇది వేసుకుని తాగితే ఇలా అవుతుంది" అని ఒప్పించి ఇస్తారు. తాగబోయే ముందు ఆయన మనసులో "మాత్ర వేసుకున్నాను కదా" అన్న తలపు రావాలి. అదే దాని పని. తెలియకుండా పెడితే ఆ తలపే ఉండదు, మిగిలేది విషమే.

ఆ రెండు శనివారాల్లో దేవుడు ఏదైనా అద్భుతం చేశాడంటే, మీ ఆయన ప్రాణం నిలపడమే ఆ అద్భుతమని నేననుకుంటాను.

ఇంకో సంగతి. రోజూ తాగడం అలవాటైన మనిషి ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి, ఆ తర్వాత లేనివి కనబడి మతి తప్పుతుంది. కాబట్టి రేపెప్పుడైనా ఆయనే "ఇవాళ్టితో బంద్" అన్నా, బైబిలు మీద చేయి వేయించి ఊరుకోకండి. ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. అక్కడ ఈ వైద్యం చేస్తారు. 14446 అని మత్తు అలవాట్ల కోసమే కేంద్రం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు కూడా ఉంది. ఆ మిగిలిన మాత్రల అట్టను పారేయకుండా డాక్టరుకు చూపించండి.

ఇక ప్రార్థన దగ్గరికి వద్దాం.

తొమ్మిదేళ్లుగా చేస్తున్న ప్రార్థనను మీరు మూడో పేజీలో రాశారు. "ప్రభువా, నా భర్తను మార్చి నీ మహిమార్థమై నీ సాక్షిగా నిలబెట్టు." తొమ్మిదేళ్లంటే దాదాపు 470 శుక్రవారాలు. ఆ వాక్యాన్ని నేను చాలాసేపు చూశాను. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అందులో మీరు లేరు. గోడకు తగిలి సొట్టపడిన కంచం లేదు. మీరు తుడిచిన అన్నం మెతుకులు లేవు. ఆదివారం పొద్దున ఆయన్ని లేపలేక, ఒక్కతే కూతురితో మందిరానికి నడిచేటప్పుడు వీధిలో తలొంచుకున్న అవమానం లేదు. కూడికలో గట్టిగా చేయడానికి పనికొచ్చే ప్రార్థన అది. మనందరం అలాంటి వాక్యాలు కుదుర్చుకుని పెట్టుకుంటాం. నోరు వాటిని అనేస్తుంటే మనసు ఎక్కడో ఉంటుంది.

నవంబరు తర్వాత అందులో ఇంకోటి కూడా లేకుండా పోయింది, మాత్ర. నాలుగు నెలల పైగా దేవుడితో అన్నీ మాట్లాడుతున్నారు, ఆ ఒక్కటి తప్ప. ఇంట్లో ఇద్దరి మధ్య ఒక మాట దాగి ఉంటే మిగతా మాటలు కూడా ఎలా పొడిబారిపోతాయో మీకు వేరే చెప్పాలా? "తిన్నావా", "తిన్నాను" దగ్గర ఆగిపోతుంది. మోకాళ్ల మీద మీకు మాట రాకపోవడం కూడా అలాంటిదే అనిపిస్తోంది నాకు. దీనికి విశ్వాసం సన్నగిల్లిందని పేరు పెట్టకండి. అబద్ధం చెప్పలేక నోరు మూసుకుంటోంది, అంతే. నిజానికి అది మంచి లక్షణం.

మీరు "పట్టుదల" అన్నారు. లూకా సువార్త 18వ అధ్యాయం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. "విసుకక నిత్యము ప్రార్థన" చేయాలని చెప్పడానికి ప్రభువు విధవరాలి కథ చెప్పాడు. దేవుడికి భయపడని, మనుషుల్ని లెక్కచేయని న్యాయాధిపతి. వితంతు పింఛను కోసం ఆఫీసు చుట్టూ తిరిగే ముసలమ్మను చూసినవాళ్లకు ఆ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఆమె ఎన్నిసార్లు వచ్చినా అడిగేది ఒకే సంగతి: "నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చుము." పొగడ్త లేదు, అలంకారం లేదు, "మీ మహిమార్థమై" అసలే లేదు. తనకు జరిగిన అన్యాయం పట్టుకుని వచ్చింది, అది తీరేదాకా వచ్చింది.

మన ప్రసంగాలు సాధారణంగా ఎనిమిదో వచనం దగ్గర ఆగిపోతాయి. తొమ్మిదో వచనంలోనే ఇంకో కథ మొదలవుతుంది, నియమనిష్ఠల పరిసయ్యుడూ, పన్నులు వసూలు చేసే సుంకరీ. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం ఊరికే జరిగిందని నేననుకోను. పరిసయ్యుడి ప్రార్థన చదవండి. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటాడు, మనకంటే ఒకటి ఎక్కువే. పదో వంతు ఇస్తాడు. అతను చెప్పినవాటిలో అబద్ధం ఉందని ప్రభువు అనలేదు. ఒకరకంగా అది సాక్ష్యమే. సుంకరి దూరంగా నిలబడి, కన్నులైనా పైకెత్తలేక, రొమ్ము కొట్టుకుని "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది అతనే. విడవకుండా అడగాలని మొదటి కథ, ఉన్నదున్నట్టు అడగాలని రెండో కథ. మొదటిది ఒక్కటే పట్టుకుంటే మన ప్రార్థన క్యాసెట్టు తిప్పి తిప్పి వేసినట్టు అవుతుంది. మీ 470 శుక్రవారాల్లో ఎన్ని అలా గడిచాయో మీకే తెలియాలి. నావి మాత్రం చాలానే గడిచాయి.

"పైకప్పు దాటదు" అన్నాయన బహుశా 66వ కీర్తన ఎత్తి ఉంటాడు. "నా హృదయములో నేను పాపమును లక్ష్యము చేసినయెడల ప్రభువు నా మనవి వినకపోవును." పాపాన్ని ముద్దు చేసి దాచుకునేవాడి గురించి చెప్పిన మాట అది. నెలల తరబడి దానివల్ల నిద్రపట్టని మనిషిని అందులో కలపడం అన్యాయం. పైగా ఆ కీర్తనలో ఆ వెంటనే దేవుడు తన మనవి విన్నాడనే ఉంది. చదివేవాళ్లు అక్కడిదాకా వెళ్లాలి మరి.

ఇంక హన్నా, బిడ్డ కోసం ఏడ్చి ప్రార్థించిన ఆవిడ. షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడటం లేదు. యాజకుడు ఏలీ చూసి తాగి వచ్చిందనుకున్నాడు! (దేవుడి సేవకులకూ అప్పుడప్పుడు మనుషులు అర్థం కారని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.) ఆమె ఏమంది? "నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను." బిందె బోర్లిస్తే నీళ్లతో పాటు అడుగున ఉన్న నలక కూడా వస్తుంది. వడకట్టి పోయడం వేరు, కుమ్మరించడం వేరు. 88వ కీర్తన చూశారా? కీర్తనలన్నీ చివరికి స్తోత్రంతో ముగుస్తాయని మనకో నమ్మకం. అది ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. దాన్ని కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడు.

మరి మీరేం చేయొచ్చు? ఒక మార్గం, కొన్నాళ్లు ఆ పాత వాక్యాన్ని పక్కన పెట్టడం. మోకాళ్లూనడం కష్టంగా ఉంటే మిషను దగ్గరే కూర్చోండి. తెలిసిన భాషలో చెప్పండి. "తండ్రీ, ఇవాళ ఆయన్ని చూస్తే ఒళ్లు మండింది. మారాలని అడిగే ఓపిక కూడా లేదు. కూరలో కలిపింది నేనే. నీ పేరు చెప్పాను. బయటపడతానని భయంగా ఉంది." ఇంతే. గ్రాంథికం అక్కర్లేదు. రెండో మార్గం, నాకు రాసిన ఈ ఏడు పేజీలే. మాట రావడం లేదని రాశారు గానీ, ఏడు పేజీలు వచ్చింది కదమ్మా! ఇంకొకసారి రాసుకుని, తలుపు వేసుకుని, దేవుడికి చదివి వినిపించండి. మూడోది, ఏమీ చెప్పకుండా ఊరికే కూర్చోవడం. మనకు ప్రార్థన చేతకానప్పుడు ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో ఆత్మే మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని పౌలు రోమీయులకు రాశాడు. అయితే ఒకటి ముందే చెబుతున్నాను. ఇలా నిజం చెప్పడం మొదలుపెడితే మొదట్లో ప్రశాంతత రాదు. ఏడుపు, కోపం వస్తాయి. దేవుడి మీద కోపం కూడా రావచ్చు. కంగారు పడకండి.

"ఇంకా ఎంత" అన్నదానికి నా దగ్గర లెక్క లేదు. ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి. మీకు దగ్గరలోని ఒంగోలు సంగతే తీసుకోండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ మిషనరీ జూవెట్ దొరగారూ, ఆయన భార్యా, కొద్దిమంది తెలుగు విశ్వాసులూ ఊరి పక్క కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. అంతకు ముందు ఏడాదే, ఫలితం లేదు గనుక తెలుగు మిషనును మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చింది 1866లో. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకెను మన పాస్టర్లు ప్రతి ఉజ్జీవ కూడికలో చెబుతారు. కొండెక్కిన నాటికీ క్లౌ దొరగారు వచ్చిన నాటికీ మధ్య ఆ పన్నెండేళ్ల గురించి ఎవరూ చెప్పరు. నాకు మాత్రం ఏడో ఏడాదిలోనో ఎనిమిదో ఏడాదిలోనో వాళ్లు ఎలా ప్రార్థించి ఉంటారా అనిపిస్తుంది. కొండెక్కిన నాటి మాటలే అని ఉంటారా? అనుమానమే.

ఇంకో తల్లి, మోనికా. తర్వాత సంఘానికి పెద్ద బోధకుడైన అగస్టీను తల్లి. కొడుకు దారి తప్పాడని ఏళ్ల తరబడి ఏడ్చి ప్రార్థించింది. ఒక రాత్రి కార్తేజు రేవులో, కొడుకు ఓడెక్కి రోముకు వెళ్లిపోకూడదని దేవుణ్ణి అడుగుతూ కూర్చుంది. తెల్లారేసరికి ఓడ లేదు, కొడుకు ఆమెకు అబద్ధం చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అడిగింది దక్కలేదు. కానీ ఆ ప్రయాణమే అతణ్ణి మిలాను చేర్చింది. 387లో అతను బాప్తిస్మం పొందింది అక్కడే. ఎల్లప్పుడూ అడిగినది ఇవ్వడానికే ఆ రాత్రి అడిగినది ఇవ్వలేదని ఆ కొడుకే తర్వాత రాసుకున్నాడు. మీకు కూడా ఇలాగే జరుగుతుందని నేను మాటివ్వడం లేదు. పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే ఒక బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది, ముల్లు అలాగే ఉంది. మీ ఆయన మారకపోవచ్చు కూడా. ఆ మాటను దేవుడి ముందు పైకి అనగలరేమో చూడండి. తొమ్మిదేళ్లలో ఒక్కసారైనా అని ఉండరు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఇలాంటి కష్టంతోనే ఒకావిడ మా ఇంటికి వస్తే, "ఇంకా పట్టుదలగా ప్రార్థించమ్మా" అని చెప్పి, టీ ఇచ్చి పంపేశాను. ఆవిడ ఏదో చెప్పబోయి ఆగిపోయింది. మళ్లీ రాలేదు. ఏం చెప్పబోయిందో అడగాల్సింది.

ఇప్పుడు సాక్ష్యం సంగతి. మీ ముందు ఉన్న దారుల్లో ఏదీ సులువైనది కాదు.

ఎవరికీ చెప్పకుండా ఉండిపోవచ్చు. మీ ఆయన పరువు వీధిలో పడదు, అది చిన్న విషయం కాదు. కానీ "పని మీద ఊరెళ్లారు" అని ఎన్ని ఆదివారాలు చెబుతారు? ఒక్కో అబద్ధానికి ఇంకోటి తోడు కావాలి. పైగా పక్క వీధి అమ్మాయి పస్తులు ఉంటోంది, మీకు జరిగిందే తనకూ జరుగుతుందని. మీకు జరిగిందేమిటో తనకు తెలియదు. తన భర్త మారకపోతే ఆ నింద తన విశ్వాసం మీదే వేసుకుంటుంది. ఈ దారికి అయ్యే ఖర్చు ఆ అమ్మాయి కడుతోందమ్మా, మీరు కాదు.

పాస్టరుగారికీ ఆయన భార్యకూ చెప్పొచ్చు. మంచివాళ్లయితే భారం సగం దిగుతుంది. కోప్పడొచ్చు కూడా. లేదా "సంఘం పేరు పోతుంది, ఇక్కడితో ఆపేద్దాం" అనొచ్చు. లేదా వచ్చే కూడికలో పేరు చెప్పకుండానే అందరికీ తెలిసేలా ప్రసంగించొచ్చు. వాళ్లు ఎలాంటివాళ్లో మీకు తెలుసు, నాకు తెలియదు. నాకైతే ముందు పాస్టరమ్మగారికి ఒక్కరికే చెప్పడం మేలనిపిస్తుంది. కనీసం స్త్రీల కూడికలో మిమ్మల్ని ముందు నిలబెట్టడం కొన్నాళ్లు ఆపమని అడగొచ్చు.

లేచి సంఘమంతటికీ చెప్పొచ్చు. ఇందులో ఒక చిక్కుంది, మీరు గమనించారో లేదో. ఆ సాక్ష్యం మీదొక్కరిదే కాదు. ఆ రాత్రి చప్పట్ల మధ్య నిలబడ్డ మనిషిని ఒకసారి తలుచుకోండి. ఆయన నోరు విప్పి ఏమీ అనలేదు. తనకేం జరిగిందో తనకే తెలియదు. సంక్రాంతి దాటి మళ్లీ గ్లాసు పట్టుకున్నాక, ఆ చప్పట్లు కొట్టినవాళ్ల మొహాలు ఎలా చూస్తాడు? దేవుడు బాగుచేశాడని అందరూ అన్నాక కూడా బాగుపడని మనిషి మందిరంలో ఎక్కడ కూర్చోవాలి? ఆయన రాకపోవడానికి తాగుడు ఒక్కటే కారణమని నాకనిపించడం లేదు. కాబట్టి మళ్లీ ఆయన కథను ఆయన్ని అడక్కుండా మైకులో చెప్పకండి. "ఆ రోజు నేను తొందరపడి, పూర్తి నిజం కానిది చెప్పాను, క్షమించండి" అని మీ భాగం వరకే చెప్పే వీలుంది. దానికీ ముందు ఆయనకు చెప్పాలి.

అంటే మాత్ర సంగతి మొదట తెలియాల్సింది ఆయనకే. లివర్ పోయిందనే భయం ఆయనలో ఇంకా ఉండి ఉంటుంది. ఆ భయంతోనే ఇంకా తాగే మనుషులు ఉన్నారు, "ఎలాగూ పోయేదేగా" అని. చెబితే కోపం వస్తుంది. "నాకు విషం పెట్టావు" అనొచ్చు, అది పూర్తిగా తప్పని మీరు వాదించలేరు. కొన్నాళ్లు ఇంట్లో తినకపోవచ్చు. మీ అత్తగారి దాకా వెళ్లొచ్చు. ఇవన్నీ లెక్కలో పెట్టుకోండి. శనివారం, ఆదివారం వద్దు. తాగని రోజు పొద్దున్నే, పనికి వెళ్లే ముందు తొందరలో కాకుండా చూసుకోండి. కంచం విసిరే చెయ్యి మీ మీదికి రాదన్న నమ్మకం మీకు లేకపోతే ఒంటరిగా చెప్పకండి. మీ అన్ననో తమ్ముణ్ణో పక్కన ఉంచుకోండి, లేదా డాక్టరు దగ్గర, డాక్టరు చేతే చెప్పించండి. ఎప్పుడైనా చేయి చేసుకుంటే 181 మహిళా హెల్ప్‌లైను, 112 పోలీసు. ఉపవాసం వాటికి బదులు కాదు.

మీ అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు ఈ ఉత్తరమంతటిలోకీ బాగా నచ్చింది. ఆమెకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు. ఆ పిల్ల మందుల గురించి అడగలేదమ్మా, దేవుడి గురించి అడిగింది. "మాత్ర వల్లే ఆగాడు. నేను దేవుడి పేరు పెట్టాను, తప్పు చేశాను" అంటే దేవుడి మీద ఆ పిల్ల నమ్మకం పోతుందని మీ భయం. చెప్పకపోతే పోయే అవకాశమే నాకెక్కువ కనిపిస్తోంది. మందూ ప్రార్థనా పోటీదార్లు కావని కూడా చెప్పండి. జబ్బుపడ్డ హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు విన్నాడు, పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడు. ఆ పైన యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. అందరికీ తెలిసేలా కట్టారు, కూరలో కలపలేదు.

ఇవన్నీ ఒకే వారంలో చేయాలని లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీ ఇష్టం. ఒక్కటి మాత్రం నా మనసులో ఉంది. ఆ పక్క వీధి అమ్మాయి శుక్రవారం సాయంత్రం మీ ఇంటికి వస్తుందని రాశారు. పొద్దుటినుంచి ఏమీ తిని ఉండదు. ముందు ఇంత అన్నం పెట్టండి. తిన్నాక, చెప్పాలనిపిస్తే, చెప్పండి. 14446 నంబరు ఒక కాగితం మీద రాసి ఆమెకూ ఇవ్వండి.